నెత్తురు కనిపించని చిగుళ్ళు

పళ్ళ డాక్టర్ల దగ్గరికి ఒక తరహా రోగులు తరచుగా వస్తుంటారు. వయసు నలభైకి కాస్త అటూ ఇటూ. ముందుపన్ను కదులుతోందనో, ముద్ద నమిలితే దవడ పన్ను ఊగుతోందనో వచ్చి కూర్చుంటారు. "ఇన్నేళ్ళలో చిగుళ్ళ నుంచి ఒక్కసారైనా రక్తం రాలేదు డాక్టరుగారూ" అంటారు. అది అబద్ధం కాదు. చిగురు పాలిపోయి, గట్టిగా, ఎర్రదనమే లేకుండా కనిపిస్తుంది. కానీ చిగురుకీ పంటికీ మధ్య కొలత గీతలున్న సన్నటి ప్రోబ్ దించితే అది ఆరేడు మిల్లీమీటర్లు లోపలికి దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురులో ఆ లోతు మూడు మిల్లీమీటర్లు దాటదు. ఎక్స్‌రేలో చూస్తే పంటి వేళ్ళ చుట్టూ ఎముక సగానికి సగం కరిగిపోయి ఉంటుంది. వారి జేబులో సిగరెట్ పెట్టో బీడీ కట్టో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

చిగుళ్ళ జబ్బుకి తొలి గుర్తు రక్తం రావడం. బ్రష్ మీద ఎర్రగా కనబడితేనే మనిషి ఉలిక్కిపడి డాక్టరు దగ్గరికి వెళతాడు. పొగ ఆ గుర్తునే చెరిపేస్తుంది. దొంగలు లోపలికి వచ్చే దారి తెరిచిపెట్టి, కాపలా కుక్క మూతికి చిక్కం కట్టినట్టు ఉంటుంది దాని పని. "పొగ తాగితే రోగనిరోధక శక్తి తగ్గుతుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు గానీ, అది సగం నిజమే. అర్ధశతాబ్దపు పరిశోధనలు చూపించేది తగ్గుదల కంటే గందరగోళాన్ని. కాపాడవలసిన కణాలు మందగిస్తాయి. అవే కణాలు విడిచే రసాయనాలు మాత్రం సొంత కండనీ ఎముకనీ తినేస్తాయి.

ఈ విషయం అర్థం కావాలంటే ముందు చిగుళ్ళ జబ్బు ఎలా పుడుతుందో చూడాలి. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో హరాల్డ్ లోయె, ఆయన సహచరులు పన్నెండు మంది ఆరోగ్యవంతులను కొన్నాళ్ళు పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాలలోపు అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వాపు తగ్గిపోయింది. పంటి మీద పేరుకునే పాచిలోని బ్యాక్టీరియాయే చిగుళ్ళ వాపుకి కారణమని ఆ ప్రయోగం తేల్చింది. తర్వాత అదే లోయె శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కార్మికులను 1970 నుంచి పదిహేనేళ్ళపాటు గమనించారు. వాళ్ళకి బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. అందరి నోట్లోనూ పాచి, గార దండిగా ఉన్నాయి. అయినా అందరి గతీ ఒకటి కాలేదు. దాదాపు 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరి పళ్ళు రాలిపోయాయి. 81 శాతం మందికి నెమ్మదిగా ముదిరింది. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్ళ వాపు దాటి ముందుకే పోలేదు. అంటే పాచి నిప్పు అంటిస్తుందే తప్ప, ఇల్లు ఎంత కాలుతుందన్నది చాలావరకు శరీరం స్పందనను బట్టి ఉంటుంది. ఆ స్పందనను మార్చేవాటిలో వంశపారంపర్యం ఉంది, షుగరు వ్యాధి ఉంది, పొగ ఉంది. మొదటిది మన చేతిలో లేదు. రెండోదాన్ని అదుపు చేయవచ్చు. మూడోదాన్ని పూర్తిగా తీసేయవచ్చు.

పొగాకుకీ చిగుళ్ళకీ ఉన్న సంబంధాన్ని మొదట గణాంకాలతో చూపిన వారిలో డెన్మార్క్‌కే చెందిన యెన్స్ యోర్గెన్ పిండ్‌బోర్గ్ ఒకరు. చిగుళ్ళు పుండుపడి కుళ్ళిపోయే ఒక తీవ్రమైన జబ్బు పొగ తాగేవారిలో ఎక్కువని 1947లో ఆయన రాశారు. తెలుగువారికి ఆ పేరుతో ఇంకో సంబంధం కూడా ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని ఫాలీ మెహతా బృందంతో కలిసి ఆయన శ్రీకాకుళం జిల్లా పల్లెలను పరిశీలించారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చే 'అడ్డపొగ' అలవాటు మీద 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి 1971లో ఆ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రపంచ వైద్య సాహిత్యంలో నిలిచిపోయింది. వాళ్ళు ప్రధానంగా చూసింది అంగిలి మీది మచ్చలనూ క్యాన్సర్‌నూ, చిగుళ్ళను కాదు. కానీ పొగ నోటి కండకి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి కోపెన్‌హేగన్ నుంచి ఒక శాస్త్రవేత్త ఉత్తరాంధ్ర ఇంటి అరుగుల దాకా రావలసి వచ్చింది. ఆ అరుగుల మీద అడ్డపొగ తాగినవారిలో ఎక్కువమంది మహిళలే.

పిండ్‌బోర్గ్ చెప్పిన తర్వాత కూడా నలభై ఏళ్ళు దంతవైద్యులు ఒక సందేహం వదల్లేదు. పొగ తాగేవారు నోటిని అంత శుభ్రంగా ఉంచుకోరు, వాళ్ళకి గార ఎక్కువ, అసలు తప్పు పాచిదే తప్ప పొగది కాదేమో అన్నది ఆ సందేహం. దీనికి సూటిగా జవాబు చెప్పింది స్వీడన్‌కి చెందిన యాన్ బెర్గ్‌స్ట్రోమ్, హాన్స్ ప్రేబర్. లోయె ప్రయోగాన్నే మళ్ళీ చేశారు. ఈసారి విద్యార్థుల్లో పొగ తాగేవారినీ తాగనివారినీ రెండు గుంపులుగా పెట్టి నాలుగు వారాలు పళ్ళు తోమనివ్వలేదు. 1986లో వెలువడిన ఫలితం ఇది: పాచి రెండు గుంపుల్లోనూ ఒకే రకంగా పేరుకుంది, కానీ ఎర్రదనం, రక్తం మాత్రం పొగ తాగేవారిలో తక్కువగా కనబడ్డాయి. శత్రువు బలం ఒకటే అయినా శరీరం స్పందించిన తీరు వేరు. చిన్న ప్రయోగమే. అయినా ఈ రంగంలో దానంత సూటిగా మాట్లాడిన ప్రయోగాలు తక్కువ.

జనాభా లెక్కలు తర్వాత వచ్చాయి. అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలోని పన్నెండు వేల మందికి పైగా పెద్దల వివరాలను స్కాట్ టోమర్, సమీరా అస్మా విశ్లేషించి 2000లో ప్రచురించారు. పొగ తాగనివారితో పోలిస్తే తాగేవారికి ముదిరిన చిగుళ్ళ జబ్బు, అంటే జనం పయోరియా అని పిలిచే పెరియోడాంటైటిస్, వచ్చే అవకాశం దాదాపు నాలుగు రెట్లు. రోజుకి తొమ్మిది సిగరెట్లలోపు తాగేవారికి మూడు రెట్లకు కాస్త తక్కువ, ముప్పై దాటితే ఆరు రెట్లకు దగ్గర. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరగడమే కారణ సంబంధానికి గట్టి ఆధారం. అమెరికా పెద్దల్లోని పెరియోడాంటైటిస్ కేసుల్లో సగానికి పైగా పొగ ఖాతాలోకే వస్తాయని వారు లెక్కగట్టారు. 2004లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక పొగ వల్ల వచ్చే జబ్బుల జాబితాలో పెరియోడాంటైటిస్‌ను చేర్చింది. ఆ తర్వాత వాదన "సంబంధం ఉందా" అన్న చోటు నుంచి "ఎలా" అన్న చోటుకి మారింది.

ఎలా అన్నదానికి మొదట అందరికీ తట్టిన జవాబు రక్తనాళాలు. నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి చిగురుకి రక్తం తగ్గి, అందుకే ఎర్రబడదని అనుకున్నారు. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట చాలాకాలం నిలిచింది. తీరా లేజర్ పరికరంతో కొలిచి చూస్తే, సిగరెట్ కాల్చిన ఆ కాసేపట్లో చిగురులో రక్తప్రసరణ తగ్గకపోగా కొన్ని ప్రయోగాల్లో పెరిగింది కూడా. అసలు తేడా ఏళ్ళ తరబడి తాగినవారిలో ఉంది. లండన్‌లో రిచర్డ్ పామర్ బృందం జబ్బుపడిన చిగురు ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే, వాపుకి స్పందించి తెరుచుకున్న రక్తనాళాలు పొగ తాగేవారిలో తక్కువగా కనిపించాయి. తెల్ల రక్తకణాలు నాళం గోడను పట్టుకుని కండలోకి దిగడానికి సాయపడే అణువులు కూడా వాపున్న చోట ఆశించినంతగా పెరగలేదు. తాత్కాలికంగా నాళం ముడుచుకోవడం కాదు ఇది. వాపు అనే ప్రక్రియే అణిగిపోయింది.

అణిచేది ఎవరు? అనుమానితుల్లో ముందున్నది నికోటినే. మాక్రోఫేజ్ అనే రక్షక కణాల మీద ఆల్ఫా-7 అనే నికోటిన్ గ్రాహకం ఉంటుందనీ, దాన్ని తడితే వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే రసాయనం తగ్గుతుందనీ న్యూయార్క్‌లో కెవిన్ ట్రేసీ బృందం 2003లో చూపింది. మామూలుగా నాడీవ్యవస్థ శరీరంలో వాపు అతిగా పోకుండా ఆపుకునే దారి అది. పొగ ఆ దారిలోకి దొడ్డిదారిన చొరబడుతుంది. పైగా నికోటిన్ చిగురులో బాగా పేరుకుంటుంది. చిగురుకీ పంటికీ మధ్య ఊరే ద్రవంలో దాని గాఢత రక్తంలో కంటే దాదాపు 300 రెట్లు ఉన్నట్టు నమోదైంది.

అసలు కథ న్యూట్రోఫిళ్ళది. రక్తంలోని తెల్లకణాల్లో అన్నిటికంటే సంఖ్యలో ఎక్కువ ఇవే. చిగురు అంచుకి బ్యాక్టీరియా చేరిన ప్రతిసారీ మొదట పరిగెత్తేవి ఇవే. వీటి ప్రాముఖ్యం ఎంతటిదో పుట్టుకతో వచ్చే ఒక అరుదైన జబ్బు చెబుతుంది. ఆ జబ్బున్న పిల్లల్లో న్యూట్రోఫిళ్ళు రక్తంలో ఉన్నా నాళం గోడను పట్టుకుని కండలోకి రాలేవు. ఆ పిల్లలకి పాలపళ్ళు వచ్చీ రాగానే చిగుళ్ళు చెడి, ఆ పళ్ళు రాలిపోతాయి. పొగ తాగేవారిలో జరిగేది ఇంత దారుణం కాదు గానీ, చిక్కు ఉన్న చోటు అదే. పొగ తాగేవారి రక్తంలో తెల్లకణాల సంఖ్య మామూలుకంటే ఎక్కువగానే ఉంటుంది. పని విషయానికి వచ్చేసరికి తడబడతాయి. పొగ తాగేవారి నోటి నుంచి సేకరించిన న్యూట్రోఫిళ్ళు బ్యాక్టీరియాను మింగడంలో వెనకబడ్డాయని కెన్నీ, క్రాల్ బృందం 1977లోనే రాసింది. శత్రువు వాసన పట్టి అటువైపు కదిలే శక్తి కూడా తగ్గుతుందని తర్వాత తేలింది. 1992లో మాక్‌ఫార్లేన్ బృందం ఎంత చికిత్స చేసినా లొంగని చిగుళ్ళ జబ్బున్నవారిని పరిశీలించింది. వాళ్ళలో పది మందిలో తొమ్మిది మంది పొగ తాగేవారే. వాళ్ళ న్యూట్రోఫిళ్ళ మింగే శక్తీ మందగించి ఉంది.

ఇంతవరకే అయితే "రోగనిరోధక శక్తి తగ్గింది" అన్న మాట సరిపోయేది. కానీ ఇవే న్యూట్రోఫిళ్ళు ఎలాస్టేస్ అనే ఎంజైమును విడుస్తాయి. బ్యాక్టీరియాను చంపడానికి దాచుకున్న ఈ ఆయుధం బయటపడితే చిగురును పంటికి కట్టి ఉంచే నారపోగులను కూడా తెగ్గొడుతుంది. మింగలేని కణం ఎంజైమును మాత్రం బయటికి కక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు: బ్యాక్టీరియా బతికిపోతుంది, నారపోగు తెగుతుంది. ఎముక విషయంలోనూ ఇలాంటి తారుమారే. ఎముకను కరిగించే కణాలను తయారుచేయమని చెప్పే ఒక సంకేతం, ఆ సంకేతాన్ని అడ్డుకునే ఓపీజీ అనే మరో ప్రొటీను రెండూ సమతూకంలో ఉన్నంతకాలం ఎముక నిలుస్తుంది. పొగ తాగేవారిలో ఓపీజీ తగ్గి తూకం కరిగించేవైపు ఒరుగుతున్నట్టు బ్రిటన్, టర్కీ పరిశోధకులు చూపారు.

యాంటీబాడీల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాలను గుర్తుపట్టే ఐజీజీ-2 అనే రకం యాంటీబాడీ పొగ తాగేవారి రక్తంలో తక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. యాంటీబాడీ పూత పడని బ్యాక్టీరియాను మింగడం న్యూట్రోఫిల్‌కి కష్టం, కాబట్టి ఒక లోపం ఇంకో లోపాన్ని పెంచుతుంది. టీ-కణాల మీద వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. వాటి మీద ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటు.

పొసగనివి అవి మాత్రమే కాదు. వాపును రగిలించే రసాయనాలు పొగ తాగేవారి చిగురు ద్రవంలో తగ్గాయని కొందరు, పెరిగాయని కొందరు రాశారు. ఈ రంగంలో పదేపదే తగిలే ఇబ్బంది ఇది. దానికి కారణాలు లేకపోలేదు. చిగురులో ఊరే ద్రవం పరిమాణమే పొగ తాగేవారిలో తక్కువ. అందువల్ల మొత్తం మోతాదు చూస్తే ఒక జవాబు, గాఢత చూస్తే ఇంకో జవాబు వస్తాయి. "మీరు రోజుకి ఎన్ని తాగుతారు" అని అడిగి రాసుకున్న లెక్కను నమ్మడం మరో లోపం. నికోటిన్ శరీరంలో విరిగి తయారయ్యే కోటినిన్‌ను లాలాజలంలో కొలిస్తే అసలు మోతాదు బయటపడుతుంది. ఆ పరీక్ష చేయని అధ్యయనాల్లో పొగ తాగేవారూ మానేసినవారూ కలగాపులగం అయిపోతారు.

అన్నిటికంటే ఆసక్తికరమైన మలుపు బ్యాక్టీరియా వైపు నుంచి వచ్చింది. పొగ ప్రభావం మనిషి కణాల మీదే అనుకుంటూ వచ్చినవారికి అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్కాట్ బృందం కొత్త సంగతి చెప్పింది. చిగుళ్ళ జబ్బులో ముఖ్య నిందితుడు పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా. దాన్ని సిగరెట్ పొగ రసంలో పెంచితే దాని ఒంటి మీది ప్రొటీన్లే మారిపోయాయి. అతుక్కోవడానికి పనికొచ్చే సన్నటి నూగు పెరిగింది. అలా మారిన బ్యాక్టీరియాను మనిషి రక్షక కణాలకు చూపిస్తే అవి మామూలుకంటే తక్కువగా స్పందించాయి. పొగ రోగాన్ని పట్టే కణాన్ని మాత్రమే కాదు, రోగకారి వేషాన్ని కూడా మార్చేసిందన్నమాట.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పూర్ణిమా కుమార్ బృందం చేసిన పని దీనికి మరో కోణం జోడించింది. పళ్ళు శుభ్రంగా తోమించి, కొత్తగా పాచి పేరుకునే తీరును మొదటి రోజు నుంచీ గమనిస్తే, పొగ తాగేవారి నోట్లో హానికర జాతులు చాలా త్వరగా చోటు చేసుకున్నాయి. పొగ తాగని వారి నోట్లో మొదట మంచి జాతులు స్థిరపడతాయి, శరీరం వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. పొగ తాగేవారిలో ఆ తొలి దశలోనే వాపు రసాయనాలు ఎక్కువగా కనిపించాయి. బయటికి ఎర్రదనం లేదు, లోపల మాత్రం అలజడి ఉంది. బెర్గ్‌స్ట్రోమ్ చూసిన పాలిపోయిన చిగురుకీ, ఈ అలజడికీ వైరుధ్యం ఉన్నట్టు పైకి అనిపిస్తుంది. రక్తనాళం స్పందన వేరు, కణాల రసాయనాలు వేరు అని గుర్తుపెట్టుకుంటే రెండూ ఒకే చిగురులో ఉండగలవు. ఈ రంగంలోని సగం వాదోపవాదాలు ఈ రెంటినీ ఒకటిగా లెక్కించడం వల్ల పుట్టినవే.

ఇక మానేస్తే ఏమవుతుంది? ఇక్కడి ఫలితాలు ఊరటనిస్తాయి, ఒక్కోసారి రోగిని భయపెడతాయి కూడా. జపాన్‌లో మొరొజుమి బృందం సిగరెట్ మానేసినవారి చిగుళ్ళలో రక్తప్రసరణను కొలిస్తే మూడు రోజులకే పెరుగుదల కనిపించింది. లండన్‌లో 2003లో ప్రచురితమైన మరో అధ్యయనంలో 27 మంది పొగ మానారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో, ప్రోబ్ తగిలితే రక్తం వచ్చే చోట్లు 16 శాతం నుంచి 32 శాతానికి పెరిగాయి. పాచి పెరగలేదు, నిజానికి కాస్త తగ్గింది. అంటే జబ్బు ముదరలేదు. అణిగిపోయిన స్పందన తిరిగి లేచింది. ఈ సంగతి తెలియని మనిషికి ఇది ఎలా అనిపిస్తుంది? ఇరవై ఏళ్ళు సిగరెట్ తాగినా రాని రక్తం మానేసిన నెలకి వస్తే, "ఇదేదో అదే నయం" అనుకుని మళ్ళీ వెలిగించే ప్రమాదం ఉంది. మానమని సలహా ఇచ్చే ప్రతి డాక్టరూ ఈ రక్తం గురించి ముందే చెప్పి తీరాలి. ఇది చెప్పకుండా ఇచ్చే సలహా అసంపూర్ణమే.

దీర్ఘకాలంలో లాభం స్పష్టం. టోమర్, అస్మా లెక్కల్లో మానేసిన రెండేళ్ళకి ముప్పు ఇంకా మూడు రెట్ల పైనే ఉంది. పదకొండేళ్ళు దాటేసరికి ఎప్పుడూ తాగనివారితో దాదాపు సమానమైంది. కరిగిపోయిన ఎముక మాత్రం దానంతట అది తిరిగి రాదు. చికిత్సకు లొంగే గుణం తిరిగి వస్తుంది. న్యూకాసిల్‌లో ఫిలిప్ ప్రెషా బృందం 2005లో చూపింది ఇదే. గార తీసి వేళ్ళు శుభ్రం చేసే మామూలు చికిత్సను అందరికీ ఒకేలా ఇచ్చినా, ఏడాదిపాటు పొగ మానినవారిలో చిగురు సందుల లోతు మిగతావారికంటే ఎక్కువగా తగ్గింది. ఆ అధ్యయనంలో మరో సంగతి కూడా చూడాలి. మొదలుపెట్టిన 49 మందిలో ఏడాదంతా మానగలిగింది దాదాపు ఐదోవంతు మందే. అదీ సలహాలు, మందుల సాయం అన్నీ అందిన తర్వాత. పొగ వదలనివారిని మొండివాళ్ళని తీసిపారేయడం ఎంత అన్యాయమో ఆ అంకె చెబుతుంది.

వైద్యం ఈ జ్ఞానాన్ని ఆలస్యంగానైనా లెక్కలోకి తీసుకుంది. 2018లో ప్రకటించిన అంతర్జాతీయ వర్గీకరణలో చిగుళ్ళ జబ్బును అది ఎంత వేగంగా ముదిరే రకమో చూసి మూడు శ్రేణులుగా విభజించారు. రోజుకి పదిలోపు సిగరెట్లు తాగేవారు కనీసం మధ్య శ్రేణిలోకి, పది లేదా అంతకన్నా ఎక్కువ తాగేవారు అత్యంత వేగంగా ముదిరే శ్రేణిలోకి వెళతారు. రక్తస్రావం లేకపోయినా సరే.

మన దగ్గర ఈ లెక్క నేరుగా అతకదు. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దల్లో సిగరెట్ తాగేవారు 4 శాతమైతే బీడీ తాగేవారు 7.7 శాతం. పైన చెప్పుకున్న ప్రయోగాల్లో దాదాపు అన్నీ సిగరెట్ మీద జరిగినవే. తునికాకులో చుట్టిన బీడీలో పొగాకు తక్కువే గానీ, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, తరచుగా పీల్చాలి. నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ దాన్నుంచి సిగరెట్ కంటే తక్కువగా ఏమీ రావు. రోజుకి ఒక కట్ట బీడీలు తాగే మేస్త్రీని, రెండు లావు చుట్టలు కాల్చే రైతును పది సిగరెట్ల గీతకి ఏ వైపు నిలబెట్టాలి? పొగాకు పండించే ముఖ్య రాష్ట్రాల్లో ఒకటైన ఆంధ్రప్రదేశ్‌లోనూ, వేలమంది మహిళలు బీడీలు చుట్టి బతికే నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లోనూ ఉన్న దంత కళాశాలలు జవాబు వెతకవలసిన ప్రశ్న ఇది. లాలాజలంలో కోటినిన్ కొలిచే పరీక్ష ఖరీదైనదేమీ కాదు.

అంతవరకూ రోజువారీ వైద్యంలో చేయగలిగింది ఉంది. పొగ తాగే రోగి నోటిని చూసేటప్పుడు రక్తం ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, ప్రతి పంటి చుట్టూ ప్రోబ్‌తో లోతు కొలవాలి, ఎక్స్‌రే తీయాలి. దంత కళాశాలల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు పెట్టాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. సిగరెట్ పెట్టెల మీద అచ్చువేసే 1800-11-2356 నంబరుకి ఫోన్ చేస్తే సలహా ఉచితంగా దొరుకుతుంది. ఆ సలహాతో పాటు, మానిన మొదటి నెలలో బ్రష్ మీద కనిపించే ఎరుపు చిగురు కోలుకుంటున్న గుర్తేననీ, అప్పుడు బ్రష్ ఆపకూడదనీ, డాక్టరు చేత గార తీయించుకోవాలనీ కూడా ఆ ఫోన్లో చెప్పాలి.